దుర్బీను అద్దం

దేవదాస్ కళ్లు తుడుచుకుని మళ్లీ దుర్బీనులోకి చూశాడు. నిన్న సాయంత్రం విసనకర్రలా విచ్చుకున్న తోకచుక్క, ఇవాళ ఉత్త మసక.

విప్పి చూస్తే లోపలి అద్దం నిండా గీతలు. ఏడాదిపాటు గాజు బిళ్లను తన చేత్తో అరగదీసి చేసుకున్న అద్దం.

"దుమ్ము వట్టిందని బూడిదేసి తోమిన," అంది భార్య భూదేవి, బీడీల చాట ఒళ్లో పెట్టుకుని. "మంచిగ కనవడ్తదనుకున్న."

"నీకేమన్న తెలివున్నదా? గదేమన్న గిన్నెనా?"

"నాకేం ఎరుక."

సకల జనుల సమ్మెకు బొగ్గు ఆగి, కరెంటు పోయి కోరుట్లంతా చీకటి. ఇంత నల్లటి ఆకాశం మళ్లీ దొరకదు, ఈ తోకచుక్కా మళ్లీ రాదు. దేవదాస్ అద్దాన్ని ఒళ్లో పెట్టుకుని వాకిట్లోనే ఏడుస్తూ కూలబడ్డాడు.

అతను బస్సు కండక్టరు. సమ్మెలో జీతం లేదు, ఇల్లు భూదేవి బీడీల మీదే నడుస్తోంది. నిన్న తోకచుక్కకు వెలుగు అడ్డమని ఆమె ముందున్న దీపం ఊదేశాడు. ఆమె చీకట్లోనే చుట్టింది. పొద్దున కార్ఖానాలో చుట్టు సరిగా లేదని ఆ బీడీలన్నీ విరిచి పారేశారు. ఆ సంగతి దేవదాస్ అడగనూ లేదు.

భూదేవి దీపం వెలిగించుకుని ఇంట్లోకి వెళ్లింది. పొద్దున అమ్మ చేసినట్టే తానూ గోడ అద్దం తోముదామని బిడ్డ గుప్పెడు బూడిదతో నిలబడి ఉంది.

భూదేవి చప్పున ఆ చెయ్యి పట్టుకుంది.

"అద్దానికి బూడిద పెడ్తరా బిడ్డా? గీతలు పడ్తయి. మెత్తటి బట్టతోని తుడువు."