కదలని బల్ల

"ఎక్కి గెంతవే," అన్నాడు డెల్మర్, గోడకు బోల్టులతో బిగించిన కొత్త బల్లను చూపించి.

అమెరికాలోని మోంటానాలో దుప్పుల వేట మొదలయ్యే వారం అది. ఇంట్లోనే ఖాళీ తూటా గొట్టాల్లో తుపాకి మందు నింపుకోవడానికి అతను చేసిన మూడో బల్ల ఇది. మొదటి రెండూ ఊగుతున్నాయని పొయ్యిలో పెట్టాడు.

భార్య లోర్నా ఎక్కి గెంతి, అక్కడే కూర్చుంది. "నాకే కదల్లేదంటే భూకంపానికీ కదలదు."

డెల్మర్ చెంచాతో మందు తీసి తూటా గొట్టంలో పోయబోయాడు. సగం కింద ఒలికింది.

"మళ్లీ ఊగింది దరిద్రపు బల్ల."

"నేనింకా దీని మీదే ఉన్నా, ముసలోడా. ఇది ఊగలేదు."

డెల్మర్ తన చేతిని చూసుకున్నాడు. చెంచా ఇంకా వణుకుతూనే ఉంది.

లోర్నా దిగి చెంచా అందుకుంది. "మందు నేను పోస్తా, గుండు బిగించే మీట నువ్వు లాగు. రేపు డాక్టరు దగ్గర మాత్రం బల్ల మీద చాడీలు చెప్పకు."

ఆమె పోసింది. డెల్మర్ మీట లాగాడు.