చెవిలోని మల్లె అత్తరు

నా కోడలు కిష్వర్ సంచిలో బట్టలు కుక్కుతోంది. నా కొడుకు అత్తరు కాచే బట్టీ నుంచి వచ్చేలోగా ఆమె కనౌజ్ ఊరు దాటాలి. రాత్రి వాడు విరిచిన ఆమె వేలికి గుడ్డ కట్టింది నేనే.

చెవిలోంచి రోజూ పెట్టుకునే మల్లె అత్తరు దూదిని తీసేసి, మెడ మీద శనగపిండి రుద్దుకుంది.

"వాసన పోయిందా, అమ్మీ?"

"నన్నడుగుతావేమే? నలభై ఏళ్లు బట్టీల పక్కన బతికిన ముక్కిది. దీనికేం తెలుస్తుంది?"

"ఆయనకు తెలుస్తుంది. బస్టాండులో ఇరవై బురఖాల మధ్య నిలబడ్డా వాసనతో పట్టేస్తాడు."

నేను కిటికీలోంచి చూశాను. బయట, బట్టీలకు మల్లెపూలు దించేసిన బండి తోటల పల్లెకు తిరిగి వెళ్తోంది. ఖాళీ గంపల మధ్య పూలు కోసే ఆడవాళ్లు నవ్వుకుంటున్నారు.

"కడగకు," అంటూ దూదిని మళ్లీ ఆమె చెవిలో పెట్టాను. "వెళ్లి వాళ్లలో కూర్చో. అక్కడ అందరిదీ ఇదే వాసన. వాళ్ల ఊళ్లో బస్సెక్కు."

"మరి మిమ్మల్ని..."

"కన్నతల్లిని, నన్నేం చేస్తాడే! ఎక్కు!" అన్నాను. నా పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి.

కిష్వర్ ఆ బండెక్కింది 1968 మే మూడున. మళ్లీ ఎప్పుడూ రాలేదు.