దానంతటదే

మేనేజరు గుమ్మంలో అడుగుపెట్టాడు. బిల్లింగ్ సీట్లోని అమ్మాయి గభాలున లేచి నిలబడింది. అంతే, ఎదురుగా ఉన్న కొత్త కంప్యూటర్ తెర నల్లబడిపోయి, మళ్ళీ మొదట్నుంచి ఆన్ కావడం మొదలెట్టింది.

"మళ్ళీనా?" అన్నాడు మేనేజరు.

"దానంతటదే ఆగిపోయింది సార్! నేను వేలు కూడా పెట్టలేదు. సగం కొట్టిన బిల్లు కూడా పోయింది."

"దానంతటదే! నేనొచ్చిన ప్రతిసారీ దానంతటదే! అంటే మన కంప్యూటర్‌కి నేనంటే అంత భయమన్నమాట."

పక్క బల్ల దగ్గర లెక్కలు రాసే పెద్దాయన మోకాళ్ళ నొప్పులతో సగం లేచి, సగం కూర్చుని ఉన్నాడు. ఆయన్ని ఆఫీసంతా బాబాయ్ అంటారు. ఆ పార్సిల్ ఆఫీసులో మేనేజరు వచ్చాడంటే ఎవరైనా సరే లేవాల్సిందే. ఆయన చేతులు కడుక్కోవడానికి వెళ్ళొచ్చినా లేవాల్సిందే.

"మీరైనా చూశారు కదా బాబాయ్?" అంది ఆమె.

"నాకేం తెలుస్తుందమ్మా ఈ యంత్రాల సంగతి? నా లెక్కల పుస్తకం మాత్రం ఇంతవరకూ ఎప్పుడూ ఆగలేదు" అంటూ బాబాయ్ మిగతా సగం కూడా కూర్చున్నాడు.

మెకానిక్ అప్పటికే ఆ కంప్యూటర్ పేగులన్నీ బయటికి లాగి చూశాడు. పవర్ సప్లై మార్చాడు. ర్యామ్ తీసి, తుడిచి, పెట్టాడు. విండోస్ మళ్ళీ ఎక్కించాడు. చివరికి తన షాపుకి మోసుకెళ్ళి రోజంతా నడిపించి, నిక్షేపంలా ఉందంటూ తెచ్చి, మళ్ళీ అదే ఇరుకు మూలలో పెట్టి పోయాడు. ఆ మాటే ఆమె కొంప ముంచింది. యంత్రంలో దోషం లేదంటే ఇక మిగిలింది మనిషే కదా.

మేనేజరు గొంతు తగ్గించాడు. "మన రేట్లన్నీ ఎదురు కంపెనీవాళ్ళకి ఎలా తెలిసిపోతున్నాయా అని బుర్ర బద్దలు కొట్టుకుంటున్నాను. ఇక్కడ ఒకరు నన్ను చూడగానే తెర ఆర్పేస్తుంటే తెలియక చస్తాయా?"

ఆమెకు తల కొట్టేసినట్టయింది. ఉద్యోగం పోతే పోయింది. దొంగ అని ముద్ర వేసి పంపిస్తే ఇంకెవరైనా గుమ్మం ఎక్కనిస్తారా? మా కోడలు లేకపోతే ఆ ఆఫీసులో ఒక్క పార్సిల్ కదలదని వీధంతా చాటుకున్న అత్తగారికి ఏ ముఖం పెట్టుకుని చెప్పాలి?

"మీరే ఈ సీట్లో కూర్చుని చూడండి సార్. మీ కళ్ళముందే ఆగుతుంది. ఆగకపోతే నేనే వెళ్ళిపోతాను" అనేసింది ఉక్రోషంగా. అన్నాక నాలుక కరుచుకుంది.

మేనేజరు ఆ మాటను కింద పడనివ్వలేదు. "బాగుంది మేడమ్‌గారూ! సాయంత్రం దాకా ఇక్కడే కూర్చుంటాను. ఒక్కసారి ఆగిందా, నాదే పొరపాటని ఒప్పుకుంటాను. ఆగలేదా, రేపట్నుంచి మీరు రానక్కర్లేదు."

ఆయన కూర్చున్నాడు. ఆమె పక్కన నిలబడి అడ్రసులు చదువుతుంటే, రెండు వేళ్ళతో ఒక్కో అక్షరమే వెతుక్కుంటూ కొట్టసాగాడు. ఒక్కో బిల్లు పూర్తికాగానే తలెత్తి "ఆగలేదే మేడమ్?" అనేవాడు. భోజనం బల్ల మీదికే తెప్పించుకున్నాడు, టీ కూడా అక్కడికే. బయట లారీవాళ్ళు గొడవ పెట్టుకుంటున్నా సీటు వదల్లేదు.

ఆమె పెన్ను మూత తీస్తోంది, పెడుతోంది, మళ్ళీ తీస్తోంది. అడ్రసు ఒకటి చదవబోయి ఇంకొకటి చదివి చీవాట్లు తింది. ఇన్నాళ్ళూ ఆగొద్దని ఏ యంత్రాన్ని బతిమాలిందో, దాన్నే ఇప్పుడు లోలోపల బతిమాలుతోంది. ఒక్కసారి ఆగవే, నీకు పుణ్యముంటుంది! అదేమో కాపురానికొచ్చిన కొత్తకోడలిలా కిక్కురుమనకుండా పనిచేస్తోంది. కిటికీలో ఎండ తగ్గిపోతోంది. ఆ కంప్యూటర్‌ని ఒక్క తన్ను తందామా అని కూడా ఆమెకు అనిపించింది.

చివరికి బాబాయ్ బల్ల సొరుగుకు తాళం వేసుకున్నాడు. ఆమె వైపు జాలిగా చూసి తల తిప్పేసుకున్నాడు.

మేనేజరు తీరిగ్గా ఒళ్ళు విరుచుకున్నాడు. "అయితే మేడమ్‌గారూ, రేపట్నుంచి..."

"ఏంటయ్యా, ఇంకా ఇళ్ళకి పోలేదా?"

గుమ్మంలో కంపెనీ ఓనరు! మేనేజరు గభాలున లేచాడు. కుర్చీ చక్రాల మీద వెనక్కి దొర్లి, గోడకున్న ప్లగ్గును ఠక్కున గుద్దింది. తెర నల్లబడిపోయింది.

ఇన్నాళ్ళూ తన వీపు వెనక జరుగుతున్నదేమిటో ఆమె కళ్ళారా చూసింది. ఓనరు మాత్రం తెర ఒక్కటే చూశాడు.

"ఏం చూస్తున్నావు? నేను రాగానే ఎందుకార్పేశావు?"

"ఆర్పలేదు సార్... దానంతటదే..."

"సరిగ్గా నేనొచ్చినప్పుడేనా?" ఓనరు లోపలికి వచ్చాడు. "మన రేట్లు ఎవరో బయటికి చేరవేస్తున్నారని మొన్న నాకు చెప్పింది నువ్వే కదూ?"

మేనేజరు ముఖంలో నెత్తురుచుక్క లేదు. బాబాయ్ వైపు చూశాడు. బాబాయ్ గోడ వైపు చూశాడు. ఇక గత్యంతరం లేక ఆమె వైపు తిరిగాడు.

"నువ్వైనా చెప్పు తల్లీ!"