కొత్త థ్రాటిల్ బాడీ

“టెస్టూ లేదు, గిస్టూ లేదు. ఇంకో ఆర్నెల్లు నేర్చుకో!” అన్నాడు డ్రైవింగ్ స్కూలు మాస్టారు పక్క సీట్లోంచి. స్టీరింగ్ ముందు కూర్చున్నది ఆయన భార్యే. రిపేరు షెడ్డు ముందున్న ఆ కాస్త ఎత్తూ ఎక్కలేక కారు మూలుగుతోంది.

ఆమెకు ఏడుపొక్కటే తక్కువ. మూడింటికి లైసెన్సు టెస్టు. పాసైతే ల్యాబులో వ్యాను నడిపే ఉద్యోగం. లేకపోతే రేపు ఇంకొకరికిచ్చేస్తామని వాళ్లు తేల్చి చెప్పారు.

“ఎంత తొక్కినా బండి పుంజుకోకపోతే నేనేం చెయ్యనండీ?”

“నేను నడిపితే మహారాజులా పోతోందిగా!”

“ఆగు బావా, ఊరికే అక్కనాడిపోసుకోకు,” అంటూ షెడ్డులోంచి వచ్చాడు మెకానిక్. ఆమె తమ్ముడే. “థ్రాటిల్ బాడీ పోయుంటుంది. మార్చేస్తా.”

“అదేంటోయ్?”

“ఇంజిన్‌కి గాలి వదిలే తలుపు. ఇదివరకు యాక్సిలరేటర్ తొక్కితే కేబులు లాగి తెరిచేది. ఇప్పుడు పెడల్ కంప్యూటర్‌కి కబురు పంపుతుంది. కంప్యూటర్ సరేనంటే మోటారు తెరుస్తుంది.”

“ఒప్పుకోకపోతే?”

“నువ్వెంత తొక్కినా అంతే సంగతులు.”

అక్క ఉద్యోగం కదా, టీ కూడా తాగకుండా పనిలోకి దిగాడు. గాలి గొట్టం ఊడదీసి, వైరు ప్లగ్గు లాగి, నాలుగు బోల్టులు విప్పి పాతది తీశాడు. గాలి కారకుండా కొత్త గాస్కెట్ వేసి కొత్తది బిగించాడు. తాళం తిప్పి, “పెడల్ ముట్టుకోకక్కా, తలుపు ఎంతవరకు మూసుకోవాలో ముందు అది నేర్చుకోవాలి,” అని కాసేపు ఆగాడు. మాస్టారు ఆ కాసేపట్లోనే రెండుసార్లు గడియారం చూసుకున్నాడు.

“ఊఁ, పోనివ్వు.”

ఎత్తు దగ్గరికి వచ్చేసరికి కారు మళ్లీ మూలిగింది.

తమ్ముడి మొహం మాడిపోయింది. బాగున్న పార్టును అనవసరంగా పీకానా అనుకుంటూ కంప్యూటర్ ఏం చెబుతోందో చదివే స్కానర్ తగిలించి చూశాడు. “బ్రేకూ యాక్సిలరేటరూ ఒకేసారి తొక్కుతున్నారంటోందే! అలా తొక్కితే కంప్యూటర్ బ్రేకు మాటే విని తలుపు మూసేస్తుంది.”

మాస్టారు తొడ చరిచాడు. “నే చెప్పలా? పదిహేనేళ్లుగా చూస్తున్నా. ఈ కారెక్కిన వాళ్లంతా ఇంతే, భయంతో బ్రేకు వదలరు! ఈవిడ వాళ్లనీ మించిపోయింది.”

“లేదురా, నీమీదొట్టు! నేను బ్రేకు ముట్టుకోలేదు,” అందామె.

“మళ్లీ తొక్కక్కా,” అంటూ తమ్ముడు ఆమెవైపు తలుపు తీసి కిందికి వంగి చూశాడు. కుడికాలు యాక్సిలరేటర్ మీదే ఉంది. ఎడమకాలు క్లచ్ మీద ఉంది. మధ్యలో బ్రేకు పెడల్ మీద ఎవరి కాలూ లేదు. అయినా అది కిందికి దిగి ఉంది.

అతను అక్కడే వంగి, నెమ్మదిగా పక్క సీటు వైపు తల తిప్పాడు.

“బావా, నేర్చుకునేవాళ్లు తడబడితే ఆపడానికి నువ్వు పెట్టించుకున్న ఆ రెండో బ్రేకు మీంచి కాలు తీస్తే, అక్క టెస్టుకెళ్తుంది.”