బీరువాలో మూడు కవర్లు

మూడో ఏడు కూడా కప్పు పళ్ళ డాక్టరే ఎత్తుకుపోయాడు.

టైలరు చప్పట్లు కొట్టాడు. కొట్టకపోతే బాగుండదు కదా. చేతులు కొడుతూనే ఉన్నాయి, కళ్ళు మాత్రం కప్పు మీదే ఉన్నాయి. పదహారేళ్ళుగా గులాబీలు పెంచుతున్న మనిషి. కుట్టు మిషను దగ్గర్నుంచి లేస్తే మొక్కల దగ్గరే. అలాంటిది, నిన్నగాక మొన్న పక్కింట్లో దిగిన వాడు, కొమ్మ ఎక్కడ కత్తిరించాలో కూడా తెలియని వాడు, వరసగా మూడుసార్లు మొదటి బహుమతి కొట్టేశాడు. మూడుసార్లూ టైలరుది రెండో స్థానం. పోనీ పువ్వు బాగాలేదందామా అంటే పళ్ళెమంత ఉంది. అదే ఇంకా మంట.

"ఏం వేస్తారండీ మొక్కకి?" అని గోడ మీంచి ఒకటికి పదిసార్లు అడిగాడు.

"నీళ్ళేనండీ," అనేవాడు డాక్టరు.

నీళ్ళట! చెవిలో పువ్వు పెట్టడానికి టైలరే దొరికాడు.

గులాబీ సంఘంలో ఒక పద్ధతి ఉంది. గెలిచినవాళ్ళు తమ కిటుకేమిటో కాగితం మీద రాసి, కవర్లో పెట్టి ప్రెసిడెంటుకి ఇవ్వాలి. ఆయన దాన్ని తర్వాతి సమావేశంలో అందరికీ చదివి వినిపించాలి. టైలరు గెలిచిన రోజుల్లో వేపపిండి ఎంత, ఎముకల పొడి ఎంత, అన్నీ దాచకుండా రాసిచ్చాడు. డాక్టరు గెలిచిన దగ్గర్నుంచి చదవడం మానేశారు. ఇదేమిటని అడిగితే, కమిటీ చూసింది, అంతా సవ్యంగానే ఉంది, మమ్మల్ని నమ్మండి అంటాడు ప్రెసిడెంటు. మూడు కవర్లూ సంఘం బీరువాలో, తాళం ఆయన జేబులో. పైగా ఆయన డాక్టరు అక్కని చేసుకున్నాడు. ఇంక చెప్పేదేముంది!

టైలరు కుళ్ళు ఒక ఎత్తయితే, అతని భార్య కుళ్ళు ఇంకో ఎత్తు. అల్మరాలో కప్పు ఉండాల్సిన చోటు ఖాళీగా కనిపిస్తే ఆవిడకి ముద్ద దిగేది కాదు. తమ మొక్కల మీద ఈగ వాలనిచ్చేది కాదు. ఒకసారి అతను కత్తెర పట్టుకుని మొగ్గల జోలికి వెళ్తే, "పూయబోయేదాన్ని తుంచేస్తారా?" అని కత్తెర లాక్కుని లోపల పెట్టేసింది. ఆవిడతో వాదించి నెగ్గినవాళ్ళు లేరు. టైలరు మొగ్గల్ని అలాగే వదిలేశాడు.

పోటీ దగ్గరపడితే ఇద్దరికీ నిద్రుండేది కాదు. ఆవిడ ఇంకా ముందే లేచేది. కాఫీ గ్లాసు అందించేటప్పుడు బొటనవేలి గోరు పచ్చగా కనిపించేది. ఆకుకూర తుంచానులే అనేది. మధ్యాహ్నం క్యారేజీలో మాత్రం బంగాళాదుంప వేపుడు వచ్చేది. టైలరు ఏది పెట్టినా తినేవాడు. అతని ధ్యాసంతా గోడ అవతలి పువ్వు మీదే.

ఈసారి ఆవిడే పట్టుబట్టింది. "ఆ కవర్లు విప్పించండి. అప్పటిదాకా నాకు మనశ్శాంతి లేదు."

టైలరు కాగితం పట్టుకుని సభ్యుల ఇళ్ళన్నీ తిరిగాడు. ఇరవై రెండు సంతకాలయ్యాయి. కవర్లు చదవకపోతే సంఘానికో దండం, మొక్కలు కూడా పీకేస్తానని ప్రకటించాడు. పదహారేళ్ళ మొక్కలు. ఆ మాట అన్నందుకు అతనికే గుండె కలుక్కుమంది. కానీ అన్నాక అన్నట్టే.

సమావేశానికి ముందురోజు డాక్టరు షాపుకొచ్చాడు. కుట్టించుకోవడానికేం తేలేదు. దారపు ఉండ ఒకటి తీసి మళ్ళీ అక్కడే పెట్టాడు.

"ఆ కవర్ల సంగతి వదిలేయండి, టైలరుగారూ. కావాలంటే కప్పు మీరు ఉంచుకోండి. వచ్చే ఏడు నేను పోటీకే రాను."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడమంటే ఇదే అనుకున్నాడు టైలరు. ఇంటికెళ్ళి భార్యకి చెప్పాడు. ఆవిడ ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తింది.

మర్నాడు హాలు నిండిపోయింది. ప్రెసిడెంటు బీరువా తెరిచి, మొదటి కవరు చేతిలో పట్టుకుని, టైలరు దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"పోనీ, మీరొక్కరే పక్కకెళ్ళి చదువుకోండి. నా మాట వినండి."

"మూడేళ్ళు విన్నామండీ," అన్నాడు టైలరు. "దాపరికాలు చాలు. ఇక్కడే, అందరి ముందే. నేనే చదువుతాను."

డాక్టరు తల దించుకున్నాడు.

"గట్టిగా చదవండి," అంది ముందు వరసలోంచి టైలరు భార్య. "వెనకున్నవాళ్ళకి కూడా వినపడాలి."

టైలరు కవరు చింపాడు. కళ్ళజోడు సర్దుకుని అందుకున్నాడు.

"నేను నిజంగానే నీళ్ళు తప్ప ఏమీ పోయను."

హాల్లో నవ్వులు. టైలరు కూడా నవ్వి, గొంతు ఇంకాస్త పెంచాడు.

"పక్క మొగ్గలు గిల్లేస్తే ఉన్న ఒక్క మొగ్గకే బలమంతా పోతుందని, పువ్వు పెద్దదవుతుందని మీ అందరికీ తెలుసు. నాకు ఈమధ్యే తెలిసింది. నా మొక్కకి ఆ పని చేస్తున్నది నేను కాదు. పోటీకి నెల ముందు నుంచి రోజూ తెల్లవారగానే ఎవరో గోడ మీంచి చెయ్యి చాపి, పాపం, మొక్క పాడైపోవాలనే గిల్లుతున్నారు. పెద్ద మొగ్గ పోతే దొరికిపోతామని కాబోలు, దాన్ని మాత్రం వదిలేస్తున్నారు. ఆ చెయ్యి ఎవరిదో కిటికీలోంచి చూశాను. టైలరుగారికి భార్యంటే ప్రాణం, దయచేసి ఈ ఉత్తరం ఆయన కంట పడనివ్వకండి."