మెత్తటి ట్రిగ్గర్

తూటాల్లేని రైఫిల్ వెనక చెక్కను ఆనందపాల్ కిచెన్ నేలకేసి కొట్టాడు. ట్రిగ్గర్ మీద వేలు లేదు. అయినా లోపల ‘టక్’మంది.

“చూశావా లూసీ! మీ తమ్ముడి నోరూ ఇంతే. ముట్టుకోకపోయినా పేలుతుంది.”

టెక్సస్‌లో జింకల వేట సీజన్ రేపే మొదలు. ఇద్దరికీ లంచ్ ప్యాక్ చేస్తున్న లూసీ చేయి ఆగింది.

“తూలితే చాలు, పేలుతుందా? రేపు వాడు పట్టుకెళ్లే గన్ ఇదేనండీ! ట్రిగ్గర్ మళ్లీ టైట్ చెయ్యండి.”

“లూజ్ చెయ్యి బావా అన్నాడు, చేశా. ఎయిటీవన్ సీజన్‌లో నేను గురి తప్పానని చర్చిలో అందర్నీ నవ్వించాడుగా? రేపు వాడి అడుగు తప్పి, గన్ పేలి జింకలు పారిపోతే నేను నవ్వుతా. నువ్వు నోరు మూసుకో.”

తలుపు తోసుకుని తమ్ముడు ఇమ్మానుయేలు వచ్చాడు. రైఫిల్ అందుకుని బోల్ట్ లాగి, ట్రిగ్గర్ నొక్కి మురిసిపోయాడు.

“వెన్నలా ఉంది బావా! కానీ నాకు దారి తెలీదు. రేపు నువ్వు ముందు నడు. గన్ పట్టుకుని నీ వెనకే నేను.”

ఆనందపాల్ నవ్వు ఆరిపోయింది. చెప్పవే అన్నట్టు లూసీ వైపు చూశాడు. నోరు మూసుకోమన్నది తనేగా.

“నడుస్తారులేరా,” అంది లూసీ.

కౌంటర్ మీద రెండు శాండ్‌విచ్ పొట్లాలున్నాయి. ఒకటి తీసి ఫ్రిజ్‌లో పెట్టేసింది.