సగం ఊపిరి

“దిండు ఎత్తు చాల్లేదు,” మంచం మీంచి మూలిగాడు భర్త.

భార్య ఇంకో దిండు తెచ్చి అతని తల కింద సర్దింది.

పొద్దున రౌండ్‌లో నర్సు ఇద్దరికీ గట్టిగానే చెప్పింది. “క్యాన్సర్ గడ్డతో పాటు ఎడమ ఊపిరితిత్తిలో సగం తీసేశారు. మిగిలిన సగం విచ్చుకోవాలి. నొప్పి మాత్ర వేళకి పడాలి, నొప్పి తగ్గితేనే దగ్గి కఫం బయటికి తేగలరు. గంటగంటకీ ఈ డబ్బా గొట్టంలోంచి ఊపిరి పీల్చాలి, లోపలి బంతులు పైకి లేవాలి. అశ్రద్ధ చేశారో, నిమ్ము చేరుతుంది. ఆ తర్వాత నన్నని లాభం లేదు.”

మధ్యాహ్నమైంది. బంతులు ఒక్కసారి కూడా లేవలేదు.

భార్య డబ్బా చేతిలోకి తీసుకుంది. “ఒక్క పదిసార్లండీ. నర్సమ్మ మళ్ళీ వస్తే తిడుతుంది.”

“దాని టకటక వింటే తల పగిలిపోతుంది నాకు. అలమరలో పడెయ్.”

పడేసింది.

“నొప్పి మాత్ర ఇటు తే. నడుం విరిగిపోతోంది.”

“ఒక్కటే ఉందండీ. రాత్రిదాకా ఇంకోటి ఇవ్వరు.”

“రాత్రి సంగతి రాత్రి చూద్దాం.”

మాత్రా, నీళ్ళూ అందించింది.

అప్పుడే అత్తగారు క్యారియర్‌తో దిగింది. కొడుకును చూడగానే ముక్కు చీదింది.

“నా నాయనే! మూడు రోజులకే చిక్కి సగమైపోయావు కదరా! ఆసుపత్రి కూడు నీ ఒంటికి పడదని నాకు తెలుసు.”

చెంచాతో సూప్ నోట్లో పోస్తూ కోడలి వైపు తిరిగింది. “దిష్టిబొమ్మలా నిలబడ్డావేం? వాడి కాళ్ళు పట్టు.”

కోడలు మంచం చివర ఒరిగి పట్టింది. నాలుగు నొక్కులకే చేతులు ఆగిపోయాయి.

“ఆ రొప్పేంటే, కొండ మోసినట్టు? మా కాలంలో ఈ వేషాలు లేవమ్మా!”

“పోనీలే అమ్మా,” అన్నాడు కొడుకు పెద్దమనసుతో. “దానికీ నిద్ర లేదు. ఏమే, కిందికెళ్ళి రెండు కాఫీలు పట్రా. అమ్మ ఎండన పడి వచ్చింది.”

“లిఫ్ట్ పనిచెయ్యట్లేదండీ.”

“మెట్లున్నాయిగా.”

ఆమె గోడ పట్టుకుని వెళ్ళింది.

సూప్ అయిపోయింది. అత్తగారు అరటిపండు ఒలిచి పెట్టింది. అదీ అయిపోయింది. కాఫీ రాలేదు.

“మీ ఆవిడ తోటకెళ్ళి కాఫీ గింజలు కోసుకొస్తోందేమోరా,” అంది.

కొడుకు నవ్వాడు. నవ్వుతూనే దుప్పటి గొంతుదాకా లాక్కున్నాడు.

తలుపు దబ్బున తెరుచుకుంది. ఇద్దరు ఆయాలు ఆమెను చేతుల మీద మోసుకొచ్చారు. పెదాలు నీలంగా మారిపోయాయి. వెనకే ఆక్సిజన్ సిలిండర్ ఈడ్చుకుంటూ నర్సు పరిగెత్తుకొచ్చి, మంచం వైపు చూసి అరిచింది.

“దిగండి సార్ మంచం, ఆపరేషనైంది మీకా, ఆవిడకా?”